పాల రైతుల పార్టీలో వెన్న మాన్పించిన డాక్టర్

1971 జనవరిలో ఫిన్లాండ్ తూర్పు కొస నుంచి ఒక అర్జీ రాజధాని హెల్సింకికి చేరింది. దాని మీద ఉత్తర కరేలియా గవర్నర్ సంతకం ఉంది, ఆ ప్రాంతం నుంచి గెలిచిన ఎంపీల సంతకాలు ఉన్నాయి, స్థానిక సంఘాల పెద్దల సంతకాలూ ఉన్నాయి. పార్టీలు వేరైనా అందరూ అడిగింది ఒక్కటే: మా మగవాళ్లు నలభై, యాభై ఏళ్లకే గుండెపోటుతో పోతున్నారు, ప్రభుత్వం ఏదో ఒకటి చేయాలి. రోడ్లు, ఫ్యాక్టరీలు అడిగే ప్రజాప్రతినిధులు ఒక జబ్బు గురించి ఇలా ఒక్క మాట మీద నిలబడటం చాలా అరుదు. ఆ అర్జీకి జవాబుగా మరుసటి ఏడాది మొదలైన ప్రాజెక్టును నడిపించడానికి వచ్చిన యువ డాక్టర్ పేరు పెక్కా పుస్కా. అప్పటికి ఆయన వయసు 26.

తర్వాత ఆయన రెండుసార్లు ఎంపీ అయ్యారు. జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో డైరెక్టర్‌గా పనిచేశారు. ఫిన్లాండ్ జాతీయ ఆరోగ్య సంస్థకు అధిపతిగా ఉన్నారు. అందుకే ఆయన్ని పరిచయం చేసేటప్పుడు 'రాజకీయాల్లోకి వచ్చిన వైద్యుడు' అంటుంటారు. జీవితం మొత్తం చూస్తే ఆ పరిచయం సగమే నిజం అనిపిస్తుంది. ఆయన ఎన్నికల్లో నిలబడటానికి పదిహేనేళ్ల ముందే చేస్తున్న పని రాజకీయమే. ఎంపీగా ఉన్న ఏళ్లలో కంటే ఎంపీ కాని ఏళ్లలోనే ఆయన రాజకీయం ఎక్కువ ఫలితం ఇచ్చింది.

1945 డిసెంబర్‌లో పశ్చిమ తీరంలోని వాసా పట్టణంలో పుట్టిన పుస్కా, తుర్కు విశ్వవిద్యాలయంలో వైద్యంతో పాటు రాజనీతి శాస్త్రం కూడా చదివారు. ఈ రెండో చదువు మామూలుగా జీవిత వివరాల్లో ఒక వాక్యంలో తేలిపోతుంది. కానీ ఉత్తర కరేలియాలో ఆయన వేసిన ప్రతి అడుగులోనూ అది కనిపిస్తుంది.

అక్కడి పరిస్థితి ఇదీ. సోవియట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఆ ప్రాంతంలో దాదాపు లక్షా ఎనభై వేల జనాభా. అడవులు, సరస్సులు, చిన్న చిన్న పాడి కమతాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులకు, సరిహద్దు అవతల ఇళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ప్రభుత్వం భూమి ఇచ్చింది. అడవి నరికి, ఆవుల్ని, పందుల్ని పెంచుకుని వాళ్లు బతుకు నిలబెట్టుకున్నారు. ఆకలి చూసిన తరం అది. వాళ్ల లెక్కలో రొట్టె మీద మందంగా రాసిన వెన్న, మీగడ తీయని పాలు, కొవ్వుతో ఉడికిన మాంసం కలిమికి గుర్తు. కూరగాయలు పశువుల మేత అనుకునేవాళ్లు కూడా తక్కువేమీ కాదు. చలి ఎక్కువ, పంట కాలం చిన్నది. పళ్లు కావాలంటే బయటి నుంచి రావాల్సిందే, ధరా ఎక్కువే. మగవాళ్లలో సగం మంది పొగ తాగేవాళ్లు. చేపలు, మాంసం నిల్వ చేయడానికి వాడే ఉప్పు వల్ల రోజుకు ఒక మనిషి తినే ఉప్పు పది గ్రాములు ఎప్పుడో దాటిపోయింది.

పనికి వెనకాడే మనుషులా అంటే కాదు. అడవిలో చెట్లు కొట్టి, మంచులో మైళ్ల కొద్దీ నడిచే శరీరాలు వాళ్లవి. ఒళ్లు వంచి పనిచేసేవాడికి గుండెజబ్బు రాదన్న నమ్మకాన్ని ఉత్తర కరేలియా పూర్తిగా చెరిపేసింది. అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ 1950ల చివర్లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో అమెరికా, ఇటలీ, గ్రీస్, జపాన్, నెదర్లాండ్స్, యుగోస్లావియాలతో పాటు ఫిన్లాండ్ కూడా ఉంది. ఫిన్లాండ్‌లో ఆ పనిని మార్తి కర్వోనెన్ నడిపించారు. నలభై నుంచి యాభై తొమ్మిదేళ్ల మగవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, అందరికంటే ఎక్కువగా గుండెపోటుతో చనిపోయింది తూర్పు ఫిన్లాండ్ వాళ్లే. 1970 ప్రాంతంలో ఉత్తర కరేలియాలో 35 నుంచి 64 ఏళ్ల మగవాళ్లలో ఏటా లక్షకు 650 మందికి పైగా ఈ జబ్బుతోనే పోయేవారు. దేశం మొత్తం మీద మగవాళ్ల సగటు ఆయుష్షు అప్పట్లో 66 ఏళ్ల దగ్గరే ఉండేది. అప్పుడు సంతకాలు చేసిన ఎంపీలకు ఇవన్నీ పత్రికల్లో వచ్చిన అంకెలు మాత్రమే కాదు, ఊళ్లో పక్కింటి కబురు కూడా.

ఈ సంగతంతా తెలిసి కూడా అప్పట్లో వైద్యుల చేతిలో ఉన్న సాధనాలు తక్కువ. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు మార్కెట్లోకి రావడానికి ఇంకా పదిహేనేళ్లు ఉంది. బైపాస్ ఆపరేషన్లు అప్పుడప్పుడే మొదలయ్యాయి. ఆసుపత్రికి చేరేలోపే పోయేవాళ్లు ఎందరో. కాబట్టి జబ్బు వచ్చాక చేసేదానికంటే, రాకుండా చేసేదే మిగిలింది.

ఇక్కడే పుస్కా బృందం తీసుకున్న నిర్ణయం ముఖ్యమైనది. బాగా ప్రమాదంలో ఉన్నవాళ్లను వెతికి, వాళ్లకు మాత్రమే సలహాలు ఇచ్చే దారి ఒకటి ఉంది. డాక్టర్లకు అలవాటైన దారి అదే. కానీ లెక్క వేస్తే చనిపోయేవాళ్లలో ఎక్కువ మంది ఆ కొద్దిమందిలో లేరు. ఊరంతటి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నప్పుడు, 'మామూలుగా' కనిపించే మనిషి కూడా ప్రమాదంలోనే ఉంటాడు. అందుకని ఊరి సగటునే కిందికి లాగాలని నిశ్చయించారు. ఒక రోగి అలవాటు మార్చాలంటే ఆ రోగితో మాట్లాడితే చాలు. ఊరి సగటు మార్చాలంటే బేకరీతో, సాసేజ్ ఫ్యాక్టరీతో, పాల సంఘంతో, స్కూలు వంటగదితో, పత్రికతో, చర్చితో, ఆఖరికి మంత్రిత్వ శాఖలతో మాట్లాడాలి. రాజనీతి శాస్త్రం చదివిన డాక్టర్ అవసరం పడింది ఇక్కడే.

1972లోనే ఫిన్లాండ్‌లో ప్రాథమిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చి, మున్సిపాలిటీల చేతిలో ఆరోగ్య కేంద్రాలు ఏర్పడ్డాయి. ప్రాజెక్టు దాన్ని బాగా వాడుకుంది. సొంత సిబ్బందిని కుప్పలుగా తెచ్చుకోకుండా, ఆ కేంద్రాల్లోని నర్సులకే రక్తపోటు చూడటం, పేర్లు నమోదు చేయడం, మాత్రలు వేసుకోవడం మానేసినవాళ్లను మళ్లీ పిలిపించడం నేర్పించింది. పక్కనున్న కువోపియో ప్రాంతాన్ని పోల్చి చూడటానికి ఎంచుకున్నారు. ఐదేళ్లకోసారి రెండు చోట్లా జనాన్ని పరీక్షించి అంకెలు సరిచూసేవారు.

మార్తా సంఘం కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఇది ఫిన్లాండ్‌లో 19వ శతాబ్దం చివర్లో పుట్టిన గృహిణుల సంఘం. ప్రతి ఊళ్లోనూ దానికి శాఖ, ఆ శాఖకు మాట చెల్లుబాటయ్యే ఒక పెద్దావిడ ఉండేవారు. డాక్టర్ వచ్చి ఉపన్యాసం ఇస్తే పది మంది వింటారు, ఇంటికెళ్లి పాత పద్ధతిలోనే వండుతారు. మార్తా మహిళలు అలా చేయలేదు. సాయంత్రాలు ఊరివాళ్లను పిలిచి, అక్కడికక్కడే వండి పెట్టారు. కరేలియాలో పేరున్న మాంసం కూర ఒకటుంది. పొయ్యి మీద గంటల తరబడి ఉడికే ఆ కూరలో మాంసం తగ్గించి, క్యారెట్, దుంపలు వేశారు. ఉప్పు కాస్త తగ్గించారు. తిన్నవాళ్లు బాగుందన్నాకే విధానం చెప్పేవారు. ఎక్కువ కాలం బతకడానికి చేసుకునే సాయంత్రాలని వాటికి పేరు పెట్టారు. వేలాది మంది వచ్చారు. భర్త గుండె గురించి భార్యకు ఉండే దిగులు ఎంత బలమైన శక్తో ఆ సాయంత్రాలు చూపించాయి. ప్రాజెక్టు కాగితాల్లో దీన్ని సామాజిక వ్యవస్థీకరణ అని రాసుకుని ఉండొచ్చు గానీ, నిజానికి అది వంటింట్లో ఆడవాళ్లు చేసిన రాజకీయం. దానికి దక్కాల్సిన గౌరవం ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

వాళ్లతో పాటు ఊరూరా వందలాది మంది మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చారు. కొట్టు నడిపేవాడు, రైతు సంఘం మనిషి, టీచర్ లాంటివాళ్లు. వీళ్ల పని ఉపన్యాసాలివ్వడం కాదు, మాటల మధ్యలో మాట కలపడం. స్థానికంగా సాసేజ్‌లు తయారుచేసే సంస్థ ఒకటి కొవ్వులో కొంత భాగం తీసేసి, దాని బదులు అక్కడి అడవుల్లో విరివిగా దొరికే పుట్టగొడుగులు కలిపి చూసింది. కొనేవాళ్లు తగ్గలేదు.

అయితే అసలు గొడవ వెన్న దగ్గరే. 1972లో ఉత్తర కరేలియాలో పది మందిలో తొమ్మిది మంది రొట్టెకు వెన్నే రాసుకునేవారు. ఆ వెన్న అమ్మేది ఎవరో పరాయి కంపెనీ కాదు, ఆ తినేవాళ్లే. ఇంటి ఆదాయం ఆవు పాల మీద. పాల ధర అందులోని కొవ్వు శాతం మీద. మన ఊళ్లలో పాల కేంద్రం దగ్గర క్యాన్‌తో నిలబడి వెన్న శాతం ఎంత పడిందోనని చూసే రైతుకు ఆ లెక్క ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి చోటికి ఒక కుర్ర డాక్టర్ వచ్చి వెన్న తగ్గించండి అంటే, ప్రాణం కాపాడతానంటూ జీతం కోస్తున్నట్టే వినిపిస్తుంది. పాల పరిశ్రమ గట్టిగా ఎదురు తిరిగింది. పత్రికల్లో ప్రకటనలు, వాదప్రతివాదాలు నడిచాయి. 1980లలో దేశమంతా దీన్ని వెన్న యుద్ధం అనే పిలిచింది. వెన్నలో నూనె కలిపి అమ్మడానికి కూడా ఒకప్పుడు అక్కడ చట్టం ఒప్పుకునేది కాదు.

పుస్కా బృందం రైతుల్ని శత్రువుల్లా చూడకపోవడం ఇందులో గొప్ప సంగతి. సమస్య రైతు దురాశలో లేదు, ధర కట్టే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి మారాలంటే వ్యవసాయ విధానం మారాలి. కాలక్రమంలో అదే జరిగింది. పాల ధరలో కొవ్వుకు ఉన్న ప్రాధాన్యం తగ్గి, ప్రోటీన్‌కు పెరిగింది. కొవ్వు తీసిన పాలు, తక్కువ కొవ్వు ఉత్పత్తులు పాల సంస్థలకే లాభసాటి సరుకయ్యాయి. చలి ప్రాంతంలో కూడా పండే నూనెగింజల పంట దేశంలో విస్తరించింది. దాంతో వంటనూనె అన్నది బయటి నుంచి వచ్చే సరుకుగా కాక, సొంత రైతు పండించే సరుకుగా మారింది. 1980ల మధ్యలో బెర్రీ పళ్ల ప్రాజెక్టు మొదలైంది. పాడి తగ్గించుకోవాలనుకునే రైతు స్ట్రాబెర్రీ, బ్లాక్‌కరెంట్ అనే నల్లటి బెర్రీ లాంటివి పండించడానికి ప్రభుత్వ సాయం, వాటిని నిల్వ చేసి అమ్మడానికి ఏర్పాట్లు. జనానికి పళ్లు దొరికాయి, రైతుకు రాబడి నిలిచింది. రైతుకు ఇంకో దారి చూపించి మరీ ఒక దారి మూయించడం ఆరోగ్య కార్యక్రమాల్లో అరుదుగా కనిపిస్తుంది.

కాఫీ సంగతి చిన్నదే గానీ ఆసక్తికరం. ఫిన్లాండ్ వాళ్లు ప్రపంచంలోనే ఎక్కువ కాఫీ తాగేవాళ్లలో ఉంటారు. పాత పద్ధతిలో పొడిని నీళ్లలో మరిగించి తాగేవారు. అలా మరిగించిన కాఫీలోని కొన్ని జిడ్డు పదార్థాలు కొలెస్ట్రాల్ పెంచుతాయని పరిశోధనల్లో తేలింది. జనం ఫిల్టర్ కాఫీకి మారడం కూడా ఆ దేశపు కొలెస్ట్రాల్ తగ్గడంలో తన వంతు పాత్ర పోషించింది.

ఐదేళ్ల ప్రయోగం 1977లో ముగిశాక అదే పద్ధతి దేశమంతా విస్తరించింది. పుస్కా జాతీయ టీవీలో కనిపించడం మొదలైంది. సిగరెట్ మానాలనుకునే కొద్దిమందిని స్టూడియోలో కూర్చోబెట్టి, వారం వారం వాళ్ల అవస్థలు, ఓటములు, గెలుపులు చూపిస్తూ నడిచిన కార్యక్రమాలవి. ఇళ్లలో చూసేవాళ్లు కూడా వాళ్లతో పాటు ప్రయత్నించేవారు. తర్వాత సిగరెట్ మానేసినవాళ్లకు బహుమతులిచ్చే పోటీలు, ఊళ్ల మధ్య కొలెస్ట్రాల్ తగ్గించే పోటీలు వచ్చాయి. పక్క ఊరి మీద గెలవాలన్న పంతం ఎంత పనైనా చేయిస్తుంది. సిగరెట్ మానే పోటీ ఆ తర్వాత అంతర్జాతీయంగా పదుల దేశాలకు పాకింది. దేశ పార్లమెంటు కూడా కదిలింది. 1976లో పొగాకు చట్టం వచ్చి, ప్రకటనల మీద నిషేధం అమలైంది. 1993లో ఉప్పు ఎక్కువగా ఉన్న ఆహారం ప్యాకెట్ల మీద ఆ సంగతి రాయాలన్న నిబంధన వచ్చింది. 1995లో పని చేసే చోట పొగ తాగడం మీద కట్టుబాట్లు పడ్డాయి.

ఈ మధ్యలో, 1987లో, పుస్కా ఉత్తర కరేలియా నుంచి సెంటర్ పార్టీ ఎంపీగా గెలిచారు. ఆ పార్టీ పాత పేరు వ్యవసాయదారుల సంఘం. గ్రామీణ ఫిన్లాండ్, ముఖ్యంగా పాడి రైతులు, దాని వెన్నెముక. పదిహేనేళ్లుగా వెన్న తగ్గించమంటున్న మనిషి ఆ రైతుల పార్టీ టికెట్ మీదే గెలిచాడంటే ఉత్తర కరేలియాలో ఏం జరిగిందో సగం అర్థమైనట్టే. ఆయన్ని వాళ్లు బయటివాడిగా చూడలేదు. ఊరి బాగు కోరే మనిషి కొన్ని చేదు మాటలు చెప్పినా సహించే నమ్మకం అప్పటికే ఏర్పడింది. పట్టణ పార్టీలో ఉండి ఇదే మాట చెబితే అది రైతు వ్యతిరేక ప్రచారంగా మిగిలిపోయేది.

పార్లమెంటులో మాత్రం ఆ నాలుగేళ్లు సెంటర్ పార్టీ ప్రతిపక్షంలో ఉంది. కన్జర్వేటివ్‌లు, సోషల్ డెమోక్రాట్లు కలిసి హర్రి హోల్కెరి నాయకత్వంలో ప్రభుత్వం నడిపారు. ప్రతిపక్షంలో కూర్చున్న ఒక కొత్త ఎంపీ చేయగలిగేది పరిమితం. 1991లో పార్టీ అధికారంలోకి వచ్చేనాటికి ఆయన పార్లమెంటులో లేరు. పరిశోధనకు, జాతీయ ప్రజారోగ్య సంస్థలో తన విభాగానికి తిరిగి వచ్చారు. ఉత్తర కరేలియా ప్రాజెక్టు 1997 దాకా ఆయన నాయకత్వంలోనే నడిచింది. ఆ పాతికేళ్లతో పోలిస్తే ఆ నాలుగేళ్లు ఆయన జీవితంలో చిన్న విడిది.

ఇంతకీ ఈ ప్రాజెక్టు నిజంగా పనిచేసిందా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. అంకెలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2010లు వచ్చేసరికి ఉత్తర కరేలియాలో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. రొట్టెకు వెన్నే రాసుకునేవాళ్లు వందకు పదిలోపు పడిపోయారు. దేశంలో మగవాళ్ల సగటు ఆయుష్షు 78 ఏళ్ల దరికి చేరింది. కానీ విమర్శకులు ఒక సంగతి గట్టిగా పట్టుకున్నారు. పోల్చి చూడటానికి పెట్టుకున్న కువోపియోలో కూడా మరణాలు బాగా తగ్గాయి. తొలి ఏళ్లలో ఉత్తర కరేలియా ముందుంది, తర్వాత తేడా దాదాపు మాయమైంది. అలాంటప్పుడు తగ్గుదలకు ప్రాజెక్టే కారణమని ఎలా అంటారు?

పుస్కా బృందం జవాబులో బలముంది. టీవీ కార్యక్రమాలు, చట్టాలు, పాల ధరల మార్పు జిల్లా సరిహద్దు దగ్గర ఆగవు. ప్రాజెక్టు దేశమంతా విస్తరించాక పోలికకు ఆధారమే పోయింది. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక ప్రాంతంలో జరిగింది ప్రయోగశాలలో జరిగినట్టు నిరూపించడం కుదరదు. కొలెస్ట్రాల్, రక్తపోటు, పొగ తాగడం ఎంత తగ్గాయో లెక్కించి, దాన్ని బట్టి మరణాలు ఎంత తగ్గాలో అంచనా వేసిన పరిశోధకులు, తగ్గుదలలో పెద్ద భాగం, దాదాపు మూడింట రెండు వంతులు, ఈ అలవాట్ల మార్పు వల్లేనని, మిగతాది మెరుగైన చికిత్స వల్ల అని తేల్చారు. ఈ అంచనా నమ్మదగ్గదే. కానీ అలవాట్ల మార్పులో ప్రాజెక్టు వాటా ఎంత, కాలం తెచ్చిన మార్పు ఎంత అన్నది దీంతో తేలదు.

అమెరికాలో ఆ రోజుల్లోనే మొదలైన కొన్ని పెద్ద ప్రయత్నాలతో పోలిస్తే ఇంకొంత తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లోనూ, మిన్నెసోటాలోనూ పట్టణాలను ఎంచుకుని ప్రచారం చేశారు. ముఖ్యంగా మిన్నెసోటాలో పోల్చి చూసిన ఊళ్లకూ ప్రచారం చేసిన ఊళ్లకూ పెద్దగా తేడా కనిపించలేదు. అప్పటికే అమెరికా అంతటా గుండెజబ్బు తగ్గుతూ ఉండటం ఒక కారణం. కానీ ఇంకో తేడా కూడా చూడాలి. అక్కడ ఎక్కువగా జరిగింది చెప్పడం. ఉత్తర కరేలియాలో చెప్పడంతో పాటు దుకాణంలో దొరికే సరుకు మారింది, రైతుకు వచ్చే ధర మారింది. తక్కువ కొవ్వు పాలు తాగమని చెప్పిన రోజుకి ఆ పాలు ఊళ్లో దొరకాలి కదా.

2001లో పుస్కా జెనీవా వెళ్లారు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో అంటువ్యాధులు కాని జబ్బుల నివారణ విభాగం డైరెక్టర్‌గా 2003 దాకా ఉన్నారు. ఆ రెండేళ్లలోనే ఆహారం, వ్యాయామం మీద ప్రపంచ స్థాయి వ్యూహానికి పునాది పడింది. 2003లో నిపుణుల నివేదిక ఒకటి, కలిపి వేసుకునే చక్కెర రోజువారీ శక్తిలో పది శాతానికి మించకూడదని చెప్పినప్పుడు, అమెరికా చక్కెర పరిశ్రమ సంఘం ఆ సంస్థకు తమ దేశం ఇచ్చే నిధులు ఆపిస్తామనే దాకా వెళ్లింది. వెన్న యుద్ధం చూసి వచ్చిన మనిషికి ఇది కొత్తేమీ కాదు, పరిమాణమే వేరు. ఉత్తర కరేలియాలో పాల సంఘం అధ్యక్షుడితో ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చు. జెనీవాలో ఎదురుగా ఎవరూ ఉండరు, ఉత్తరాలు, ఒత్తిళ్లు ఉంటాయి.

అదే 2003 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించింది. భారతదేశం 2004లో దానికి కట్టుబడింది. ఇక్కడ తెలుగు నేలకు ఈ కథతో నేరుగా లంకె ఉంది. ఆ ఒప్పందంలో పొగాకు పండించే రైతులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపాలన్న అంశం కూడా ఉంది. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో, తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు మీద బతికే కుటుంబాలు ఎన్నో. బ్యారన్‌లో ఆకు ఎండబెట్టి, వేలం కేంద్రంలో ధర కోసం టెన్షన్‌తో ఎదురుచూసే రైతును పక్కన పెట్టి సిగరెట్ ప్యాకెట్ మీద బొమ్మల గురించి మాత్రమే మాట్లాడితే సగం పనే అవుతుంది. శనగ వేయమనో, మిర్చి వేయమనో చెప్పడం తేలిక. పొగాకుకు ఉన్నంత గట్టి కొనుగోలు ఏర్పాటు ఆ పంటకూ ఉండాలి. ఉత్తర కరేలియా బెర్రీ ప్రాజెక్టులో మొక్కలతో పాటు నిల్వ, అమ్మకం ఏర్పాట్లు కూడా ఎందుకు పెట్టారో ప్రకాశం జిల్లా రైతుకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

జెనీవా నుంచి తిరిగొచ్చి ఆయన ఫిన్లాండ్ ప్రజారోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. 2009లో అది సంక్షేమ పరిశోధన సంస్థతో కలిసి కొత్త జాతీయ సంస్థగా ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి అధిపతి. ఆ పదవిలో ఉండగానే ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం వచ్చింది. 2009లో స్వైన్ ఫ్లూ మహమ్మారి వచ్చింది. ఫిన్లాండ్ పెద్ద ఎత్తున పాండెమ్రిక్స్ టీకా వేసింది, దాదాపు సగం జనాభాకు. మరుసటి ఏడాది పిల్లల్లో, యువతలో నార్కోలెప్సీ కేసులు పెరగడం డాక్టర్లు గమనించారు. పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే, జీవితాంతం ఉండే జబ్బు ఇది. 2010 ఆగస్టులో ఆ సంస్థే టీకా ఆపమని సిఫార్సు చేసింది. తర్వాత ఆ సంస్థ శాస్త్రవేత్తలే జరిపిన అధ్యయనంలో, టీకా వేసుకున్న 4 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఈ జబ్బు ముప్పు పన్నెండు రెట్లకు పైగా ఉందని తేలింది. బాధితులకు పరిహారం అందింది.

సంస్థ అధిపతిగా పుస్కా మీద కోపం రావడం సహజం, న్యాయం కూడా. తమ పిల్లల్ని నమ్మకంతో తీసుకెళ్లి టీకా వేయించిన తల్లిదండ్రులకు ఎన్ని సంఖ్యలు చూపినా ఓదార్పు ఉండదు. అదే సమయంలో ఇంకో సంగతీ నిజం. టీకా సిఫార్సు చేసిన సంస్థే దాని హాని మీద అధ్యయనం చేసి, ఫలితాన్ని ప్రపంచం ముందు పెట్టింది. దాచి ఉంటే ఇతర దేశాల్లో మరికొందరు పిల్లలు దెబ్బతినేవారు. ఉత్తర కరేలియాలో ఆయన సంపాదించింది నమ్మకమే. ఇక్కడ ఆ నమ్మకం దెబ్బతింది. ప్రజారోగ్యంలో తప్పు జరిగినప్పుడు దాని బరువు లక్షల ఇళ్లలోకి ఒకేసారి వెళుతుందన్న వాస్తవం ఈ ఘట్టంలో కనిపించినంతగా ఆయన జీవితంలో మరెక్కడా కనిపించదు.

ఆ రోజుల్లోనే పాత విజయానికి కూడా పగుళ్లు కనిపించాయి. పిండిపదార్థాలు మానేసి కొవ్వు తినమనే ఆహార పద్ధతులు ఫిన్లాండ్‌లో బాగా వ్యాపించాయి. వెన్న అమ్మకాలు మళ్లీ పెరిగాయి. దశాబ్దాల పాటు దిగుతూ వచ్చిన సగటు కొలెస్ట్రాల్ 2012 సర్వేలో పైకి లేచింది. అంతకంటే పాత లోటు ఇంకొకటుంది. మగవాళ్లలో పొగ తగ్గుతున్న కాలంలోనే ఆడవాళ్లలో పెరిగింది. 1972లో ఉత్తర కరేలియా మహిళల్లో పదో వంతు పొగ తాగేవారు, తర్వాతి దశాబ్దాల్లో అది దాదాపు రెట్టింపయింది. భర్తల గుండె కోసం సాయంత్రాలు వండి పెట్టిన ఆడవాళ్ల కూతుళ్ల గురించి అంతే శ్రద్ధ ముందు నుంచీ ఉండాల్సింది.

2013 చివర్లో పుస్కా పదవీ విరమణ చేశారు. 2015 ఎన్నికల్లో హెల్సింకి నుంచి సెంటర్ పార్టీ తరఫున నిలబడ్డారు, నేరుగా గెలవలేదు. ఫిన్లాండ్‌లో ఉప ఎన్నికలు ఉండవు. ఎంపీ తప్పుకుంటే అదే జాబితాలో తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఆ స్థానం దక్కుతుంది. అదే పార్టీ ఎంపీ ఓల్లి రేన్ పార్లమెంటు వదిలి బ్యాంక్ ఆఫ్ ఫిన్లాండ్‌కు వెళ్లడంతో 2017లో పుస్కా మళ్లీ ఎంపీ అయ్యారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. ఈసారి పార్టీ అధికారంలో ఉంది, ప్రధాని యుహా సిపిలా ఆ పార్టీ నాయకుడే.

అధికార పక్షంలో ఉండటం వేరు, అధికారం ఉండటం వేరు. 2017 చివర్లో కొత్త మద్యం చట్టం పార్లమెంటు ముందుకొచ్చింది. మామూలు కిరాణా దుకాణాల్లో అమ్మే పానీయాల్లో ఆల్కహాల్ పరిమితిని 4.7 నుంచి 5.5 శాతానికి పెంచడం అందులో ప్రధాన అంశం. ప్రజారోగ్య నిపుణులు వద్దన్నారు. చట్టం నెగ్గింది, 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఒక దేశం నలభై ఏళ్లు ప్రజారోగ్యంలో పేరు తెచ్చుకున్నంత మాత్రాన ప్రతి ఓటింగులో ఆరోగ్యమే గెలుస్తుందని అనుకోవడానికి వీల్లేదు. ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి వాదించాల్సిందే.

రెండోది ఇంకా పెద్దది. వైద్యం, సామాజిక సేవల బాధ్యతను మున్సిపాలిటీల నుంచి పెద్ద ప్రాంతాలకు మార్చే సంస్కరణ సిపిలా ప్రభుత్వానికి ప్రాణం లాంటిది. ప్రైవేటు సంస్థలకు ఎంత చోటివ్వాలన్న దగ్గర, రాజ్యాంగపరమైన అభ్యంతరాల దగ్గర అది ఏళ్ల తరబడి ఇరుక్కుంది. 2019 మార్చిలో సంస్కరణ కుప్పకూలింది, ఎన్నికలకు నెల రోజుల ముందు ప్రభుత్వం రాజీనామా చేసింది. ఆ ఎన్నికలతో పుస్కా ఎంపీ పదవీ కాలం కూడా ముగిసింది. తర్వాతి ప్రభుత్వం 2021లో మరో రూపంలో ఆ చట్టం చేయించింది. 2023 జనవరి నుంచి ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు కొత్త ప్రాంతీయ సంస్థల చేతికి వెళ్లాయి. బడులు, ఆట స్థలాలు, పిల్లల భోజనాలు మాత్రం మున్సిపాలిటీల దగ్గరే ఉన్నాయి. జబ్బు రాకుండా చూసే పని రెండు సంస్థలకూ సగం సగం పడింది. రక్తపోటు చూసే నర్సు ఒకరి చేతిలో, స్కూలు వంటగది ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు 1972లో ఉత్తర కరేలియాలో ఆ రెండింటినీ కలిపి నడిపినట్టు ఇప్పుడు ఎవరు నడపాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నది ఫిన్లాండ్‌లో ఇంకా తేలని లెక్క.